పచ్చ లైటును నమ్మలేం

ఈ రోజు మధ్యాహ్నమంతా పర్లాకిమిడిలో ఒక స్కానింగ్ సెంటర్ మేడ మీద ఇరుకు గదిలోనే గడిచింది. ఇక్కడ తీసిన సీటీ స్కాన్లు విశాఖపట్నంలో ఉన్న డాక్టరు చూసి రిపోర్టు పంపాలి. నెట్ పోతే రోగి బెంచీ మీద కూర్చోవాల్సిందే. అందుకే ఓనరు గారు రెండో లైను, రెండో రౌటరు పెట్టమన్నారు.

మొదటి లైను బరంపురం వైపు నుంచి వచ్చే ఫైబర్. రెండోది ఎవరి దగ్గర తీసుకోవాలన్నప్పుడు నేను అందరినీ అడిగింది ఒక్కటే: మీ కేబులు ఏ దిక్కు నుంచి వస్తుంది? ఒకాయన ధర బాగా తగ్గించాడు. తీరా స్తంభాలు చూసుకుంటూ వెళ్తే ఆయనదీ అదే రోడ్డు, అవే స్తంభాలు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఒడిశాలోని మా గజపతి జిల్లాని ఏం చేసిందో చూసినవాణ్ణి, ఒకే స్తంభం మీద రెండు లైన్లంటే నాకు ఒక లైను కిందే లెక్క. చివరికి పాతపట్నం వైపు నుంచి, అంటే మహేంద్రతనయ అవతలి ఆంధ్రా నుంచి వచ్చేది తీసుకున్నాం. నెలకి కాస్త ఎక్కువే. కానీ పర్లాకిమిడిలో ఉండి రెండు రాష్ట్రాల నుంచి రెండు దారులు తెచ్చుకోకపోతే ఎలా? సరిహద్దు ఊరికి మిగతా విషయాల్లో దక్కేది అంతంత మాత్రమే.

ఒక్కో లైనుకి ఒక్కో రౌటరు. వాటి పని తొందరగానే అయిపోయింది. కంప్యూటర్లన్నిటికీ గేట్‌వే, అంటే బయటికెళ్లే ద్వారం, 192.168.10.1. నిజానికి అది ఏ రౌటరు సొంత అడ్రసూ కాదు. ఆ సమయానికి నెట్ నడిపించే మాస్టర్ ఏదైతే దానిది. ఇలా రెండు రౌటర్లు ఒకే అడ్రసు పంచుకునే పద్ధతినే వీఆర్ఆర్‌పీ అంటారు. 1998లోనే ప్రమాణంగా వచ్చిన పద్ధతి, మైక్రోటిక్ లాంటి చవక రౌటర్లలోనూ దొరుకుతుంది. ప్రయారిటీ 150 ఉన్న రౌటరు మాస్టర్, 100 ఉన్నది బ్యాకప్. మాస్టర్ సెకనుకోసారి "ఉన్నాను" అని ఇలాంటి రౌటర్లన్నీ వినే ఉమ్మడి అడ్రసు 224.0.0.18కి ఒక ప్యాకెట్ పంపుతుంది. మూడు సెకన్లు అది వినపడకపోతే, తన ప్రయారిటీ లెక్క ప్రకారం ఇంకో 0.6 సెకను ఆగి బ్యాకప్ ఆ అడ్రసు అందుకుంటుంది. మ్యాక్ అడ్రసు (లోపలి నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) కూడా ఉమ్మడిదే కాబట్టి కంప్యూటర్లకి మార్పు తెలియనే తెలియదు.

మేనల్లుడు మొదటి రౌటరు ప్లగ్గు పీకాడు. పింగ్ (అవతలి సర్వరు పలుకుతోందా అని పంపే చిన్న పలకరింపు) కొంచెం తడబడి మళ్లీ నడిచింది. వాడి మొహం వెలిగిపోయింది.

"అయిపోయినట్టే కదా మావయ్యా, పోదామా?"

"ఒరేయ్, రౌటరు చావడం ఎప్పుడో గానీ ఉండదు. తరచూ పోయేది బయట కేబులు. బయటి ఫైబర్ వచ్చి చేరే పెట్టె ఉంది కదా, ఆ ఓఎన్‌యూలోంచి ఆ పసుపు ఫైబర్ తీగ పీకి చూడు."

పీకాడు. ఓఎన్‌యూ మీద ఎర్ర లైటు వచ్చింది. రౌటరు మీద మాత్రం పచ్చ లైటు అలాగే ఉంది, ఎందుకంటే ఓఎన్‌యూకీ రౌటరుకీ మధ్య తీగ బాగానే ఉంది. వీఆర్ఆర్‌పీ చూసేది పక్క రౌటరు బతికుందా లేదా అనే, ఆ రౌటరు వెనక దారి ఉందా అని కాదు. వంతెన కొట్టుకుపోయినా స్టాండులో "ఎక్కండి, ఎక్కండి" అని పిలిచే కండక్టరులా మాస్టర్ సెకనుకోసారి "ఉన్నాను" అంటూనే ఉంది. లోపల ఒక్క పేజీ తెరుచుకోలేదు.

రెండు రౌటర్లు పెట్టేశాం, ఇక టెన్షన్ లేదు అనుకునే చోట్ల చాలావరకు పని ఇక్కడితోనే ఆగిపోతుంది. అసలు పని ఇక్కడే మొదలు. మొదటి లైను మీదుగా 8.8.8.8కీ 1.1.1.1కీ (గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్లు) పింగ్ పెట్టాం. ఒక్కటే పెడితే ఆ సర్వరు పలకనప్పుడు అనవసరంగా లైను మారుతుంది. ఈ రెండింటికీ మొదటి లైను తప్ప ఇంకో దారి లేకుండా రూట్ కట్టాలి, లేకపోతే పింగ్ రెండో లైనులోంచి తిరిగొచ్చి "అంతా బాగుంది" అంటుంది. రెండూ పలకకపోతే రౌటరులోని స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) మాస్టర్ ప్రయారిటీని 50కి దించుతుంది, 100 ఉన్నది పైకొస్తుంది. తిరిగి 150 కావాలంటే లైను ఐదు నిమిషాలు నిలకడగా ఉండాలని షరతు పెట్టాను. వచ్చీ పోయీ ఆడే లైను పూర్తిగా పోయిన లైను కంటే ఎక్కువ ఏడిపిస్తుంది. మళ్లీ పసుపు తీగ పీకించాను. ఈసారి మారింది.

ఓనరు గారు పైకొచ్చి, "మారేటప్పుడు వెళ్తున్న స్కాన్ ఆగదు కదా బాబూ?" అన్నారు.

"ఆగుతుంది సార్. రెండు లైన్లకీ బయటికి కనపడే ఐపీ అడ్రసు వేరు, అవతలి సర్వరుకి మనం కొత్తవాళ్లలా కనపడతాం. ఆ ఒక్కటీ మళ్లీ పంపాలి." ఆయనకి అంత నచ్చలేదు. మిషను సాఫ్ట్‌వేరులో దానంతటదే మళ్లీ పంపే ఆప్షన్ ఆన్ చేసి చూపించాక తల ఊపారు.

ఇంకొకటి మిగిలింది. రెండు ఓఎన్‌యూల అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. ఒకటి యూపీఎస్‌కీ, ఇంకోటి ఇన్వర్టర్‌కీ మార్చమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. రేపు పొద్దున్నే వస్తానన్నాడు. అతని పొద్దున్న పదకొండింటికి మొదలవుతుంది.