పదహారు గడులు

బుధవారం, రాత్రి పదిన్నర.

పలక కొని నేటికి పన్నెండు రోజులు. పలక అంటే తెర మీద పెన్నుతో రాసుకునే ఎలక్ట్రానిక్ నోటు పుస్తకం. ఆ పేరు పెట్టింది అమ్మ. పెట్టె విప్పిన రోజే, "ఇన్నేళ్లు పాఠాలు చెప్పి మళ్లీ పలకకే వచ్చావా నాన్నా" అంది. ధర అడగలేదు, అదే పదివేలు.

ఈరోజు ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు విద్యుదయస్కాంత ప్రేరణ మొదలుపెట్టాలి. ఆ పాఠానికి నా దగ్గర ఇప్పటికే మూడు నోటు పుస్తకాలున్నాయి. మొదటిది నాన్న కొనిచ్చిన రత్నం పెన్నుతో రాసింది. గాంధీగారికి స్వదేశీ పెన్ను చేసి ఇచ్చిన మా రాజమండ్రి రత్నంగారి పెన్నే. ఎబొనైటు ఒళ్లు, డ్రాపరుతో సిరా పోసుకోవాలి. గోదావరి పక్క ఇల్లు కావడంతో వానాకాలపు చెమ్మకు ఆ పుస్తకంలో సగం పేజీలు నీలి మరకలయ్యాయి. లెంజ్ నియమం ఉన్న పేజీ అయితే ఎదుటి పేజీకి అతుక్కుపోయి, విడదీయబోతే చిరిగింది. పలక కొనడానికి అసలు కారణం ఆ చిరుగే.

తెల్లవారుజామున ఐదింటికి కూర్చున్నాను. ఇందులో రూళ్ల పేజీలు రకరకాలుగా ఉన్నాయి కానీ, అవి గీసినవాళ్లకు ఒత్తులనేవి ఉంటాయని తెలిసినట్టు లేదు. 'శాస్త్రం' అని రాస్తే త ఒత్తు, దాని కింద ర ఒత్తు దిగి, కింది పంక్తిలోని గుడులను పొడుస్తున్నాయి. కాగితం మీదయితే పంక్తి విడిచి పంక్తి రాసేవాణ్ణి. ఇక్కడా అదే చేద్దామంటే ఖాళీగా మిగిలిన గీతలు కంటికి అడ్డం. చివరికి కంప్యూటర్‌లో పదకొండు మిల్లీమీటర్ల దూరంతో గీతలు గీసి, ఆ పేజీని దీనిలోకి ఎక్కించాను. అప్పటి నుంచి దస్తూరి కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఇంకో చిక్కు ఉంది. ఇది ఇంగ్లీషు చేతిరాతను అచ్చు అక్షరాలుగా మారుస్తుంది. 'ప్రేరణ' అని రాసి ఆ మీట నొక్కితే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో ఒక ఎనిమిది అంకె వచ్చాయి. ఫోనులో గూగుల్ కీబోర్డు మీద వేలితో గీసినా తెలుగు గుర్తుపడుతుంది కదా, ఇంత డబ్బు పోసిన దీనికేమి రోగం? నా దస్తూరి అంత అధ్వానమేమీ కాదు.

రెండో పీరియడులో పలకను క్లాసుకు పట్టుకెళ్లాను. చూపించుకుందామన్న సరదా కూడా ఉందని ఒప్పుకుంటాను. ముందు బెంచీ కుర్రాడు, "సార్, పెన్నుకు ఎంతసేపు చార్జింగ్ పెట్టాలి?" అని అడిగాడు. పాఠం దానంతట అదే మొదలైంది. ఈ పెన్నులో బ్యాటరీ లేదు, తీగచుట్ట ఉంది. తెర కింది ఫలకం నుంచి మారుతుండే అయస్కాంత క్షేత్రం వస్తుంది, దానికి ఈ చుట్టలో విద్యుత్ పుడుతుంది, ఆ శక్తితోనే పెన్ను తిరిగి సంకేతం పంపుతుంది. ఫారడే 1831లో కనుక్కున్నది ఇదే. పెన్ను చేతులు మారి వెనక బెంచీ దాకా వెళ్లి, మొనకు చిన్న పంటిగాటుతో తిరిగి వచ్చింది. నయం, ఆ మొనలు ఎలాగూ అరిగిపోయి మార్చుకోవలసినవే.

సాయంత్రం అమ్మ రామకోటి రాస్తోంది. గడుల పుస్తకం, ఎర్ర సిరా, గడికొక 'శ్రీరామ'. "ఆ పలక ఒకసారి ఇటు ఇవ్వు" అంది. నేను ఇచ్చాను. మొదట భయంభయంగా, తరువాత ధీమాగా రాసింది. అరచెయ్యి తెర మీద ఆనినా మరక పడకపోవడం ఆమెకు బాగా నచ్చింది. కళ్లద్దాలు పైకి తోసి, "గరగరమంటోంది, బలపం లాగే" అని నవ్వింది. లెక్కపెట్టాను, పదహారు.

అక్కడితో ఊరుకోవలసింది. ఉపాధ్యాయుడి నోరు ఊరుకోదు కదా. "అమ్మా, ఈ పదహారు చుట్టూ గీత గీసి కాపీ చేసి అతికిస్తే ముప్ఫై రెండు. వాటినీ అతికిస్తే అరవై నాలుగు. అలా ఇరవై సార్లు చేస్తే కోటి దాటిపోతుంది" అన్నాను. నిజమే, కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు వస్తుంది, చూసుకున్నాను.

అమ్మ పెన్ను కింద పెట్టేసింది. "అప్పుడు పుణ్యం ఆ పలకకు పోతుంది. నాకేమిటి, నీకేమిటి?"

"సరే, తుడిచేయనా?"

"అయ్యో, తుడవకు! లెక్కలో వేసుకున్నాను."

ఇందాక మంచినీళ్లకు లేచినప్పుడు ఆమె పుస్తకం చూశాను. నిన్నటి వరుస ఆగిన చోటు తరువాత పదహారు గడులు ఖాళీగా వదిలి, పదిహేడో గడి నుంచి రాసుకుపోయింది. పలకలో మాత్రం ఆ పేజీ నా లెంజ్ నియమానికీ స్వయం ప్రేరణకూ మధ్య కూర్చుంది.

అమ్మ ఇంకా మేలుకునే ఉంది. "పుస్తకం భద్రాచలంలో సమర్పించేటప్పుడు ఆ ఖాళీల సంగతేమిటి?" అని అడిగాను.

"దాన్నీ పట్టుకెళదాంలే" అని అటు తిరిగి పడుకుంది.