టీఎంటీ పాజిటివ్ అన్న రోజు నుంచి పదకొండు రోజులు – నా అనుభవం

మొన్న గురువారం సీటీ యాంజియో (గుండె నాళాల్లో బ్లాకులున్నాయేమో చూసే స్కాన్) రిపోర్టు చేతికొచ్చింది. ఇప్పుడు రాయకపోతే మళ్లీ బడి, పేపర్లు దిద్దడం, ఇంటిపనీ మొదలైపోతాయి, ఇక రాయను. ఈ పదకొండు రోజులూ మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదండీ.

నాకు 48. తెనాలి దగ్గర గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్తాను, 22 ఏళ్ల సర్వీసు. షుగర్ ఐదేళ్ల నుంచి ఉంది, బీపీకి టాబ్లెట్ వేసుకుంటాను. సంక్రాంతి సెలవులు అయినప్పటి నుంచి మేడమీద తొమ్మిదో తరగతికి ఎక్కేటప్పుడు ఆయాసం, గుండెల మీద ఎవరో అరచెయ్యి పెట్టి అదిమినట్టు ఉండేది, కాసేపు నిలబడితే తగ్గిపోయేది. గ్యాసేమోనని నెలరోజులు పరగడుపున గ్యాస్ టాబ్లెట్ మింగాను. మా నాన్నగారు 1998లో 57 ఏళ్లకే గుండెపోటుతో పోయారు, ముందురోజు తీసిన ఈసీజీ బాగానే ఉందని ఇంటికి పంపించేశారు. అందుకని ఈసీజీ నార్మల్ అంటే నాకు ఈరోజుకీ ధైర్యం రాదు. పడుకోబెట్టి తీసే ఈసీజీ ఆ కాసేపట్లో గుండె ఎలా ఉందో చెప్తుంది, అంతే. గుండెకి రక్తం తెచ్చే నాళం సగానికిపైగా పూడినా కదలకుండా పడుకున్న మనిషికి సరిపడా రక్తం అందుతూనే ఉంటుంది, అలాంటప్పుడు కాగితం మీద ఏమీ కనపడకపోవచ్చు.

మా వారు, నేను గుంటూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాం. ఈసీజీ నార్మల్. టూడీ ఎకో నార్మల్, పంపింగ్ 62 శాతం. రెండూ కలిపి అరగంటలో అయిపోయాయి. ఎకో కూడా బ్లాకుల్ని చూపించదు, గుండె కండరం, కవాటాలు ఎలా పనిచేస్తున్నాయో చూపిస్తుంది. పంపింగ్ బాగుంది కదా బ్లాకులు లేనట్టే అని మా స్టాఫ్‌రూములో ఇద్దరు అన్నారు, అది తప్పు.

తర్వాత టీఎంటీ అన్నారు, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష. ఇది మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

ముందు ఎవరూ ఏమీ చెప్పలేదు. చుడీదార్ వేసుకుని రమ్మని, నడవడానికి వీలైన చెప్పులో బూట్లో తెచ్చుకోమని, రెండు మూడు గంటల ముందు నుంచి కడుపు ఖాళీగా ఉంచుకోమని ఒక్క మాట చెప్తే చాలు. నేను చీరలో వెళ్లాను. లోపల పరీక్ష చేసే అబ్బాయి నేను పాఠాలు చెప్పే పిల్లలకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో, అంతే. "అమ్మా, పైన మొత్తం తీసేసి ఈ గౌను వేసుకోండి, ముడి ముందుకి రావాలి" అన్నాడు. ఎక్కడ మార్చుకోవాలి బాబూ అంటే గోడవైపు చూపించాడు. అక్కడ పరదా కట్టే రాడ్డు ఉంది, పరదా లేదు. సిస్టర్ ఎవరైనా ఉన్నారా అంటే భోజనానికి వెళ్లిందన్నాడు. మా వారిని పిలవమంటే మగవాళ్లని లోపలికి రానివ్వమన్నాడు, తను మగవాడు కాదన్నట్టు! చివరికి ఆ అబ్బాయిని బయటికి పంపించి, మూలకి తిరిగి, పదినిమిషాలు తీసుకుని మార్చుకున్నాను. లంగా మీద గౌను, ఉత్త కాళ్లు. ఛాతీ మీద గరుకు కాగితంతో రుద్ది పది చోట్ల పట్టీలు అంటించాడు. అది చెయ్యాల్సిన పనే, తప్పుపట్టను. కానీ ఆ పని జరుగుతుండగా ఒక అటెండరు ఫైలు కోసం తలుపు తీసుకుని వచ్చి, తీసిన తలుపు అలాగే వదిలేసి వెళ్లాడు. బయట బెంచీ మీద అయిదారుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. తలుపు వెయ్యి బాబూ అని నేను రెండోసారి అరిచాకగానీ వెయ్యలేదు. ఇరవై రెండేళ్లుగా నేను క్లాసులోకి వస్తే పిల్లలు లేచి నిలబడతారండీ, ఆరోజు ఆ తలుపు దగ్గర నాకు ఏడుపు ఆగలేదు.

ఆ స్థితిలో మిషను ఎక్కాను. మొదటి మూడు నిమిషాలు మెల్లగానే, గంటకి 2.7 కిలోమీటర్లు, కానీ ఎత్తుకి ఎక్కుతున్నట్టు ఉంటుంది. ప్రతి మూడు నిమిషాలకీ వేగం, వాలు రెండూ పెరుగుతాయి. 220లోంచి వయసు తీసేసి అందులో 85 శాతం దాకా గుండె వేగం వెళ్లాలి, నాకు 146. అయిదున్నర నిమిషాలకే 150 దాటిపోయింది, ఆయాసంతో ఆపెయ్యమన్నాను. ఈసీజీ కాగితంలో గీత ఒక మిల్లీమీటరు కిందికి దిగిందట, పాజిటివ్ అని, అంటే బ్లాకులు ఉండొచ్చని రాశారు.

అక్కడి నుంచి మమ్మల్ని డాక్టరు దగ్గరికి కాకుండా ఒక టేబుల్ దగ్గరికి తీసుకెళ్లారు. టై కట్టుకున్నాయన నావైపు చూడకుండా మా వారితో "సార్, మేడం గారికి మేజర్ ప్రాబ్లం, ఈరోజే అడ్మిట్ చేసేస్తే రేపు పొద్దున యాంజియోగ్రామ్, బ్లాక్ ఉంటే అప్పుడే స్టెంట్ వేసేస్తారు, ఈహెచ్‌ఎస్ కార్డు ఉందా" అన్నాడు, అదే గవర్నమెంటు ఉద్యోగుల వైద్యం కార్డు. ఏ నాళంలో బాబూ, ఎంత శాతం అని నేనడిగాను. "అవన్నీ యాంజియోలో తెలుస్తాయి మేడం, ముందు మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. మళ్లీ మా వారివైపు తిరిగి, వెళ్లిపోతామంటే దార్లో ఏం జరిగినా మాకు సంబంధం లేదన్నాడు. మా వారి చేతులు వణకడం నేను పెళ్లయినప్పటి నుంచి చూడలేదు, ఆరోజు చూశాను. రోగి ఎదురుగా కూర్చుని ఉంటే ఆమెని వదిలేసి మొగుడిని భయపెట్టడం ఏం పద్ధతి? ఆడవాళ్లు ఎవరైనా సరే అక్కడ నోరు తెరిచి మీరే అడగండి, మీ ఒంటి సంగతి మీకు చెప్పమనండి.

రాత్రి హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి కిందటేడు స్టెంట్ పడింది. "అక్కా, నాది వేరు" అన్నాడు. వాడికి అర్ధరాత్రి పడుకున్నప్పుడు నొప్పి, చెమటలు, ఎడమచెయ్యి లాగడం. మొదటి ఈసీజీలో ఏమీ లేదు, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) పెరిగింది, ఇక ట్రెడ్‌మిల్లూ లేదు సీటీ లేదు, నేరుగా మణికట్టు నుంచి సన్నటి గొట్టం పంపి నాళాలు చూసే యాంజియోగ్రామ్. అది సరైన పని. అలాంటి నొప్పి వస్తే ఎవరూ ఈ పోస్టులు చదువుతూ కూర్చోకండి, వెంటనే వెళ్లండి. వాడికి ఎడమవైపు పెద్ద నాళంలో 95 శాతం, కుడివైపు దాంట్లో 60 శాతం. 95కి స్టెంట్ వేశారు. 60 దగ్గర సన్నటి వైరు పంపి బ్లాకుకి ముందూ వెనకా రక్తపు ఒత్తిడి కొలిచారు, ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే ఆ బ్లాకు రక్తాన్ని నిజంగా అడ్డుకుంటున్నట్టు. వాడికి 0.87 వచ్చింది, వదిలేశారు. కంటికి 60 శాతం కనపడినంత మాత్రాన స్టెంట్ అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసింది.

పొద్దున్నే మా ఊళ్లో జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లాం, డెబ్బై దాటినాయన. టీఎంటీ కాగితం చూడకముందే నా కనురెప్ప కిందికి లాగి చూసి "అమ్మా, రక్తం ఎంతుంది?" అన్నారు. ఎవరూ చూడలేదండీ అన్నాను. చూస్తే హిమోగ్లోబిన్ 7.9. ఎనిమిది నెలలుగా నాకు నెలసరి విపరీతంగా అవుతోంది, ఆ వయసులో మామూలేలే అని ఎవరికీ చెప్పలేదు. గుంటూరులో బోలెడు కట్టించుకున్నారు, మూడు నాలుగు వందల రక్తపరీక్ష మాత్రం ఒక్కరికీ తట్టలేదు. రక్తం తక్కువైతే మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, గుండె వేగం ఊరికే పెరిగిపోతుంది, ట్రెడ్‌మిల్ మీద ఆ గీత దిగడానికి అదీ ఒక కారణం కావచ్చన్నారు. ఆడవాళ్లలో బ్లాకులు లేకుండానే టీఎంటీ పాజిటివ్ రావడం ఎక్కువని కూడా చెప్పారు.

అలాగని వదిలెయ్యలేదు ఆయన. షుగర్ ఉంది, నాన్నగారి చరిత్ర ఉంది, సీటీ యాంజియో చేయించుకో అన్నారు. నేను లెక్కల టీచర్ని, ఇంటికొచ్చి లెక్క వేశాను. టీఎంటీ మీద పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, బ్లాకులున్న 100 మందిలో సుమారు 68 మందిని పట్టుకుంటుంది, బ్లాకులు లేని 100 మందిలో 23 మందికి అనవసరంగా పాజిటివ్ చూపిస్తుంది. నాలాంటి వాళ్లు 100 మందిలో 20 మందికి బ్లాకులు ఉన్నాయనుకుందాం. ఆ 20లో 14 మందికి పాజిటివ్. మిగతా 80లో 18 మందికి పాజిటివ్. మొత్తం 32 పాజిటివ్‌లలో నిజమైనవి 14! మా వారికి నోటుబుక్కు మీద వేసి చూపిస్తేగానీ ఆయన అన్నం తినలేదు. మా పదో తరగతి పిల్లలకి కూడా ఇదే లెక్క ఇచ్చాను, ఏడుగురు సరిగ్గా చేశారు. అదే వేరే మనిషి, అరవై ఏళ్ల సిగరెట్లు కాల్చే మగవాడు, నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుతుందంటే, 100లో 80 మందికి ఉంటాయనుకుని వేసి చూడండి, పాజిటివ్ అంటే దాదాపు నిజమే అవుతుంది.

సీటీ విజయవాడలో చేయించుకున్నాను, పదకొండు వేలు. ముందు క్రియాటినిన్ చూశారు, కిడ్నీ బాగుంటేనే డై, అంటే స్కాన్‌లో నాళాలు కనపడేలా చేసే మందు, ఎక్కిస్తారు. నా గుండె వేగం 92 ఉంది, వేగంగా కొట్టుకుంటుంటే బొమ్మ చెదిరిపోతుందని ముందురోజు రాత్రి, పొద్దున వేగం తగ్గించే టాబ్లెట్ ఇచ్చి 62కి తెచ్చారు. నాలుక కింద స్ప్రే కొట్టారు, తలనొప్పి వచ్చింది. డై ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడి, బట్టల్లో మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, పోదు, కంగారుపడకండి. ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టాలి. లోపల మార్చుకోవడానికి గది ఉంది, గడియ ఉంది, ఒక సిస్టర్ ఉంది. గడియ వేసుకుని అక్కడ స్టూలు మీద కాసేపు ఊరికే కూర్చున్నాను.

రిపోర్టు: కాల్షియం స్కోరు (నాళాల గోడల్లో పేరుకున్న కాల్షియం కొలత) 22. ఎడమవైపు పెద్ద నాళంలో 30 శాతం లోపు చిన్న పూత, మిగతావి శుభ్రం. స్టెంట్ మాట లేదు, కొలెస్ట్రాల్ టాబ్లెట్ రాత్రిపూట. సీటీలో నాళాలు బాగున్నాయంటే పెద్ద బ్లాకు లేనట్టే, దాని బలం అదే. కానీ కాల్షియం బాగా పేరుకున్న వాళ్లకి అది బ్లాకుని ఉన్నదానికంటే పెద్దగా చూపిస్తుంది, గుండె లయ తప్పే వాళ్లకీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకీ సరిపడకపోవచ్చు. మా పక్కింటి పిన్నిగారు మోకాళ్ల వల్ల నడవలేరు, ఆవిడకి నడిపించే బదులు ఇంజెక్షన్ ఇచ్చి థాలియం టెస్ట్ చేశారు. ముందురోజు నుంచి కాఫీ టీ మానాలి, రెండుసార్లు ఫోటోలు తీస్తారు, కొన్ని గంటలు పడుతుంది. పేరు థాలియం అంటారుగానీ ఇప్పుడు ఎక్కువగా వాడేది టెక్నీషియం, రెండూ ఒంట్లోకి ఎక్కించి ఫోటో తీసే రేడియోధార్మిక పదార్థాలే. అది నాళాన్ని చూపించదు, కండరంలో ఏ భాగానికి రక్తం చాలట్లేదో చూపిస్తుంది.

"ఈరోజే అడ్మిట్" అన్నవాళ్ల గురించి ఇంకో మాట. ఇస్కీమియా అని 5 వేలమందికి పైగా రోగులతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. నొప్పి నిలకడగా ఉన్నవాళ్లలో ముందే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా, మరణాల్లో గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, నొప్పి ఎక్కువున్నవాళ్లకి మాత్రం స్టెంట్‌తో ఉపశమనం బాగుంది. ఎడమ మొదలు నాళంలోనే పెద్ద బ్లాకు ఉన్నవాళ్లని, తమ్ముడిలా అప్పటికప్పుడు గుండెపోటు వచ్చినవాళ్లని అందులో కలపలేదు. నాలాంటి మనిషికి రెండు రోజులు ఆలోచించుకునే వ్యవధి ఉందని ఆ టేబుల్ దగ్గర ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది.

ఐరన్ సెలైన్ ఒకటి ఎక్కించుకున్నాను, రెండోది సోమవారం. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనపడింది, బుధవారం లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆ గుంటూరు ఆసుపత్రికి రెండు పేజీల ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపాను. డబ్బులు వెనక్కి అడగలేదు. టీఎంటీ గదికి పరదా, లోపల గడియ, ఆడవాళ్లకి చేసేటప్పుడు ఒక ఆడమనిషి, ఈ మూడూ రాశాను. అందినట్టు నిన్న రసీదు వచ్చింది, జవాబు ఇంకా రాలేదు.