సాన్ అంటే గారు

మన బడిలో జపనీస్ క్లాసు పెట్టినప్పుడు నేను తొమ్మిదో తరగతి. పేరిచ్చింది పదకొండు మందిమే. శనివారం మధ్యాహ్నం అందరూ ఇళ్లకు వెళ్లాక మేడ మీద చివరి గదిలో జరిగేది. మొదటి రోజే టీచర్ జపనీస్ లిపుల్లో తేలికైన హిరగానలోని 46 అక్షరాల పట్టిక బోర్డు మీద రాసి చదివించారు. అ ఇ ఉ ఎ ఒ, క కి కు కె కొ... మన గుణింతమే కదా ఇది! అచ్చుల తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ భిక్షువులు సంస్కృతం కోసం నేర్చుకున్న వర్ణక్రమం నుంచే ఆ వరస వచ్చిందని ఆవిడ చెప్పాక నాకు ఆ భాష మీద బెరుకు పోయింది.

వాక్యమూ మనలాగే నడుస్తుంది. 'గక్కో ని ఇకిమస్' అంటే 'బడికి వెళ్తాను', మాట తర్వాత మాట పేర్చుకుంటూ పోవడమే, ఇంగ్లీషు కోసం చేసినట్టు తిరగెయ్యక్కర్లేదు. పేరు చివర 'సాన్' మన 'గారు' లాంటిది, తన పేరుకు తాను పెట్టుకోకూడదు, అదీ మన పద్ధతే.

ఆసియా దేశాల నుంచి ఏటా 6,000 మంది యువతను పిలవాలని జపాన్ ప్రభుత్వం 2007లో జెనెసిస్ అనే పథకం ప్రకటించింది. మరుసటి ఏడాది దాని కింద మన బడి నుంచి ఇద్దరం వెళ్లాం. టోక్యో సంగతులు ఫొటోల్లో ఉన్నాయి. నాకు రాయాలనున్నది జపాన్ దక్షిణాన ఉన్న క్యూషూ దీవిలో ఒక హైస్కూల్లో గడిపిన రోజు గురించి.

పొద్దున్నంతా ఉపన్యాసాలు, మా డాన్సు, వాళ్ల డప్పులు. రెండు వైపులా టెన్షనే, అందరూ నవ్వుతూ తల వంచడమే తప్ప ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా బల్లలు వెనక్కి జరిపి చీపుళ్లు, తడిగుడ్డలు తీశారు. అక్కడ గదులు శుభ్రం చేసేది చదువుకునే పిల్లలే. మమ్మల్ని కూర్చోమన్నారు, మేం కూర్చోలేదు. నా పక్కన మోకాళ్ల మీద నేల తుడుస్తున్న అమ్మాయి బకెట్ చూపించి 'మిజు' అంది, నేను 'నీళ్లు' అన్నాను. తనకు 'ళ్లు' పలకడం రాలేదు, పదిసార్లు ప్రయత్నించింది. నా పేరులోని 'ల' తన నోట 'ర' అయింది. నేల తుడవడం పూర్తయ్యేసరికి మేమిద్దరం స్నేహితులం.

ఆ రాత్రి బస కూడా అదృష్టం కొద్దీ వాళ్లింట్లోనే. నేను శాకాహారిని. అక్కడ మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌కి మామూలుగా ఎండుచేపతో రసం తీస్తారు, చేపముక్క కనబడకపోయినా అందులో చేప ఉన్నట్టే. వాళ్లమ్మగారు నా కోసం కొంబు అనే సముద్రపు నాచు ముందురోజే నానబెట్టి విడిగా చేశారట. ఆవిడ నాతో ఒక్క మాట చెప్పలేదు, మర్నాడు బస్సెక్కేముందు ఆ అమ్మాయి చెబితే తెలిసింది. వెనక్కి పరుగెత్తి ఆవిడ చేతులు పట్టుకున్నాను, నేర్చుకున్న జపనీస్‌లో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

నెల తర్వాత బడి చిరునామాకు ఉత్తరం వచ్చింది. లోపలంతా హిరగానలోనే, నాకు తేలిగ్గా ఉండాలని. కవరు మీద నా పేరు ఇంగ్లీషులో, దాని పక్కన మాత్రం తెలుగు అక్షరాలు రెండు. నేను కాగితం మీద రాసిచ్చింది చూసి దిద్దుకున్నట్టుంది, దీర్ఘం మర్చిపోయి 'గరు' అని రాసింది.