తమ్ముడి మెడలో గెడ్డ

ఆ గెడ్డను మొదట చూసింది డాక్టరు కాదు, కడపలో మా వీధి చివర కటింగ్ షాపాయన. తమ్ముడికి గడ్డం గీస్తా గీస్తా చెవి కింద వేలు ఆపి, "ఏందన్నా ఇది, చూసుకోలేదా" అన్నాడంట. చింతగింజంత ఉంది, నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని మూడు వారాలు ఊరకే ఉండిపోయినాం, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్లుంటుంది నాకు.

వాడికి అమ్మ కిడ్నీ ఇచ్చి నాలుగేండ్లయింది. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి టాక్రోలిమస్ మాత్ర, పెండ్లి పందిట్లో ఉన్నా సరే అలారం మోగితే లేచిపోతాడు. ఆ మాత్ర ఒంట్లో ఇమ్యూనిటీని అణిచి పెడుతుంది, లేకపోతే అది అమ్మ కిడ్నీని పరాయిది అనుకొని పాడు చేస్తుంది. అంతవరకే మాకు తెలుసు.

ఊర్లో చూపిస్తే, మెడలో గెడ్డ అంటే టీబీనే అని ముక్క తీసి టెస్టుకు పంపకుండానే ఆరు నెలల కోర్సు రాసిచ్చినారు. టీబీ కూడా కావచ్చు, కిడ్నీ మార్చుకున్నోళ్లకి అదీ ఎక్కువే, కానీ చూడకుండా ఎట్ల చెప్తారు? ఎందుకో మనసొప్పక ట్రాన్స్‌ప్లాంట్ చేసిన డాక్టరుకు ఫోన్ చేసినా. "ఒక్క మాత్ర కూడా వేయొద్దమ్మా, ముందు బయాప్సీ" అన్నారు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ రక్తంలో టాక్రోలిమస్ లెవెల్‌ని బాగా పడగొడుతుందంట, అప్పుడు కిడ్నీకే ఎసరు.

బయాప్సీలో లింఫోమా, అంటే తెల్ల రక్తకణాల్లో వచ్చే ఒక క్యాన్సర్, అని వచ్చింది, దాంట్లో ఈబీవీ పాజిటివ్. ఎప్‌స్టీన్-బార్ వైరస్, 1964లో ఆఫ్రికా పిల్లల దవడ గెడ్డల కణాల్లో కనిపెట్టినారు. పెద్దోళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇది ఉంటుంది, నాకూ ఉండొచ్చు మీకూ ఉండొచ్చు, చిన్నప్పుడు ఎంగిలితో వచ్చి బి కణాలనే తెల్ల రక్తకణాల్లో దాక్కుంటుంది, కాపలా కాసే ఇంకో రకం తెల్ల రక్తకణాలు, టీ కణాలు, దాన్ని కదలనీయవు. తమ్ముడికి మాత్ర పడుకోబెట్టింది ఆ టీ కణాల్నే, కాపలా లేక వైరస్ ఉన్న బి కణాలు గెడ్డగా పెరిగినాయి.

అందుకే మొదటి వైద్యం కొత్త మందు కాదు, ఉన్న మందు డోసు తగ్గించడం. తగ్గిస్తే గెడ్డ కరగొచ్చు, ఎక్కువ తగ్గిస్తే కిడ్నీ పోవచ్చు, ఆ సన్నటి గట్టు మీద నడిచినాం రెండు నెలలు. తర్వాత ఆ బి కణాల్ని చంపే రిటుక్సిమాబ్ మందు డ్రిప్పులు పెట్టినారు. హెచ్‌ఐవీ ఉన్నోళ్లకి కాపోసీ సార్కోమా అని ఇంకో వైరస్ క్యాన్సర్ వస్తుంది, హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులతో ఇమ్యూనిటీ కోలుకుంటే చాలామందికి అదీ తగ్గుముఖం పడుతుందంట, ఈ మాట వినినాక నాకు ధైర్యమొచ్చింది. వేరే మనిషి రక్తంలోంచి ఈబీవీని గుర్తుపట్టే టీ కణాలు తీసి, పెంచి, పేషెంటుకు ఎక్కించే వైద్యం ఒకటి 2022 డిసెంబరులో యూరప్‌లో అనుమతి పొందింది, రిటుక్సిమాబ్ లాంటివి పని చేయని వాళ్లకి. అది మన దాకా, మన చేతికందే ధరలో రావాలని రోజూ దేవుడికి మొక్కుకుంటా.

కిడ్నీ, లివర్ మార్చుకున్నోళ్లు మీ ఇంట్లో ఉంటే నెలకోసారి మెడ, చంకలు, గజ్జలు తడిమి చూడండి. గెడ్డ తగిలినా, ఊరికే జ్వరం వస్తా ఉన్నా, బరువు తగ్గినా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకే ముందు చెప్పండి.

నిన్న రిపోర్టులొచ్చినాయి. స్కాన్‌లో గెడ్డ లేదని చదివితే అమ్మ తలూపింది గానీ, "అది సరే, క్రియాటినిన్ ఎంత" అంది. కిడ్నీ ఎట్ల పని చేస్తా ఉందో చెప్పే రక్తపరీక్ష అది, 1.4 అని చెప్పినా. పోయిన నెల ఎంతుండె అని మళ్లీ అడిగింది. అప్పుడూ అంతేమా అంటే లేచి స్టవ్ మీద ఎసరు పెట్టింది.