గోటితో రెండొందల గెలుపులు

మావాడికి పదకొండేళ్ళు, లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడతాడు. పోయిన వారం నుంచి గోళ్ళు కత్తిరించుకోను పో అని కూర్చున్నాడు. ఎందుకురా అంటే, నకుల్ బాల్ వెయ్యాలి నాన్నా, గోళ్ళు లేకపోతే గ్రిప్ రాదు అంటాడు. వాళ్ళమ్మ నావైపు ఒక చూపు చూసింది. నిజమే, తప్పు నాదే, బేస్‌బాల్ ప్లేయర్ టిమ్ వేక్‌ఫీల్డ్ పాత వీడియోలు వాడికి చూపించింది నేనే.

నకుల్ బాల్, అంటే తిరగకుండా వచ్చే బంతి, మనవాళ్ళకి కొత్తేం కాదు. 2011 వరల్డ్ కప్‌లో జహీర్ ఖాన్ వేశాడు, సన్‌రైజర్స్‌కి భువనేశ్వర్ వేస్తుంటే ఉప్పల్‌లో మనమే అరిచాం. కాకపోతే క్రికెట్‌లో అది ఎప్పుడో ఒకటి, బ్యాటర్‌ని బోల్తా కొట్టించడానికి. వేక్‌ఫీల్డ్‌కి అదే కూడు పెట్టింది. దాదాపు ప్రతి బంతీ అదే, పత్తొమ్మిది సీజన్లు!

నాకు ఈయన పేరు మొదట తెలిసింది డిష్ రూమ్‌లో. 2003 ఫాల్‌లో ఎంఎస్‌కి బోస్టన్ వచ్చా, క్యాంపస్ కెఫెటీరియాలో ప్లేట్లు కడిగే ఉద్యోగం, మా సూపర్‌వైజర్ ఒక ముసలాయన, తెలుగోళ్ళం మాలో మేం ఆయన్ని తాత అనుకునేవాళ్ళం. తాత రేడియోలో రెడ్ సాక్స్ (బోస్టన్ బేస్‌బాల్ టీమ్) మ్యాచ్ లేకుండా ఒక్క ట్రే కూడా కదిలేది కాదు. ఈ ఆటలో స్పిన్నర్లు ఉండరా అని నేను అమాయకంగా అడిగితే ఆయన నవ్వి, ఒకడున్నాడు, కాకపోతే వాడి స్పెషాలిటీ అస్సలు స్పిన్ లేకపోవడమే అన్నాడు. తడి చేత్తోనే ఒక యాపిల్ తీసి పట్టు చూపించాడు. పేరుకి నకుల్ అంటారు కానీ వేళ్ళ కణుపులతో కాదు, రెండు వేళ్ళ గోళ్ళు బంతి తోలులో గుచ్చి, వదిలేటప్పుడు మణికట్టు బిగబట్టి, నెట్టినట్టు వదలాలంట.

మామూలు పిచర్ (బంతి విసిరేవాడు) గంటకి 150 కిలోమీటర్లతో విసిరే బంతి గిర్రున తిరుగుతూ వస్తుంది, ఆ తిరగడం వల్లే దాని దారి దానికి ఉంటుంది. వేక్‌ఫీల్డ్ బంతి 105 చిల్లర, మన మీడియం పేసర్ కన్నా స్లో, అరవై అడుగుల దూరంలో ఒక చుట్టు తిరిగితే గొప్ప. తిరగని బంతి మీద గాలి ఒక చోట కుట్టుకి తగుల్తుంది, ఇంకోచోట తగలదు, దాంతో అది తాగినోడిలా అటూ ఇటూ ఊగి చివర్లో ఎటు పడుతుందో కొట్టేవాడికీ తెలీదు, పట్టేవాడికీ తెలీదు, వేసినవాడికి కూడా తెలీదు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు కదా, ఈయన విషయంలో అది అక్షరాలా నిజం.

అసలాయన పిచరే కాదు. 1988లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్ తీసుకుంది ఫస్ట్ బేస్‌మన్‌గా, అంటే బ్యాట్‌తో బతకాల్సినవాడు. నీ బ్యాటింగ్‌తో డబుల్-ఎ అనే కింది లీగ్ దాటవు అన్నారు. సరదాగా వేసుకునే నకుల్ బాల్ ఒక కోచ్ కంట్లో పడి పిచర్‌ని చేశారు. 1992 జులై 31న మొదటి మేజర్ లీగ్ (అన్నిటికన్నా పై లీగ్) మ్యాచ్, కార్డినల్స్ మీద మొత్తం మ్యాచ్ ఆయనే వేసి పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని సరిగ్గా కొట్టనివ్వకుండానే అవుట్. ఆ సీజన్ ఆయన ఖాతాలో (ఈ ఆటలో గెలుపోటములు పిచర్ పేరు మీద రాస్తారు) 8 గెలుపులు, 1 ఓటమి, ప్లేఆఫ్స్‌లో అట్లాంటా మీద ఇంకో రెండు గెలుపులు. నెక్స్ట్ ఇయర్ బంతి మాట వినడం మానేసింది. మళ్ళీ కింది లీగులకి పంపారు, 1994లో అక్కడ 15 ఓటములు, 1995 ఏప్రిల్‌లో తీసేశారు. ఆరు రోజుల్లో రెడ్ సాక్స్ పిలిచింది, నీక్రో అన్నదమ్ములు, వాళ్ళూ నకుల్ బాల్ వాళ్ళే, కూర్చోబెట్టి దారిలో పెట్టారు. ఆ ఏడాది మొదటి పదిహేను ఫలితాల్లో 14 గెలుపులు. ఒక బంతి తప్ప చేతిలో ఇంకేం లేనోడి బతుకు ఇలాగే ఉంటుందేమో.

ఇక 2003 అక్టోబర్. న్యూయార్క్ యాంకీస్‌తో ఏడు మ్యాచుల సిరీస్, గెలిస్తే వరల్డ్ సిరీస్ అనే ఫైనల్‌కి. ఏడో మ్యాచ్. అంతకుముందు బోస్టన్ గెలిచిన మూడు మ్యాచుల్లో రెండు వేక్‌ఫీల్డ్ గెలిపించినవే. ఎనిమిదో ఇన్నింగ్‌లో 5-2 లీడ్ ఉండి కూడా అలిసిపోయిన పెడ్రో మార్టినెజ్‌ని దించకుండా మేనేజర్ లీడ్ పోగొట్టుకున్నాడు, స్కోర్ సమం, పదో ఇన్నింగ్‌కి వేక్‌ఫీల్డ్ వచ్చి శుభ్రంగా వేశాడు. పదకొండో ఇన్నింగ్, మొదటి బంతి, యాంకీస్ బ్యాటర్ ఆరన్ బూన్ హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. అయిపోయింది. మర్నాడు డిష్ రూమ్‌లో రేడియో లేదు. తాత ఒక్క మాట మాట్లాడకుండా స్పూన్లు సర్దుతూనే ఉన్నాడు, నాకేమో మనింట్లో ఎవరో పోయినట్టుంది, ఆట రూల్స్ సగం కూడా తెలీవు అప్పటికి.

1986 వరల్డ్ సిరీస్‌లో రెడ్ సాక్స్ ఫీల్డర్ బిల్ బక్‌నర్ కాళ్ళ మధ్య నుంచి బంతి పోయినందుకు ఏళ్ళ తరబడి జనం ఆడిపోసుకున్నారు, నన్నూ అలాగే గుర్తుపెట్టుకుంటారేమో అని వేక్‌ఫీల్డ్ భయపడ్డాడట. కానీ ఆ చలికాలం బోస్టన్‌లో ఒక డిన్నర్‌లో ఆయన పేరు పిలవగానే జనం లేచి చప్పట్లు కొట్టారు.

సరిగ్గా ఏడాదికి, 2004 అక్టోబర్ 16, మళ్ళీ యాంకీస్. మొదటి రెండూ పోయాయి, మూడోది సొంత గ్రౌండ్ ఫెన్‌వేలోనే చావుదెబ్బ తింటున్నారు, మర్నాడు నాలుగో మ్యాచ్ స్టార్ట్ చెయ్యాల్సింది వేక్‌ఫీల్డ్. ఈయనే తనంతట తాను వెళ్ళి నేను ఇప్పుడే వేస్తా, మిగతా బౌలర్లకి రెస్ట్ ఇవ్వండి అన్నాడు. ఓడిపోయే మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌కి పైగా దెబ్బలు తిన్నాడు, ఆ మ్యాచ్ 19-8తో పోయింది. రికార్డుల్లో చూస్తే అది ఒక చెత్త రోజు, అంతే. నన్నడిగితే మొత్తం కెరీర్‌లో అదే గొప్ప రోజు, ఎవరితోనైనా వాదిస్తా. అలా రెస్ట్ దొరికిన బౌలర్లతోనే నాలుగోది గెలిచారు. ఐదోది పద్నాలుగు ఇన్నింగ్స్, దగ్గర దగ్గర ఆరు గంటలు, చివరి మూడూ ఈయనే వేశాడు. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) వారిటెక్‌కి నకుల్ బాల్ పట్టే అలవాటు లేదు, పదమూడో ఇన్నింగ్‌లో మూడు బంతులు వదిలేశాడు, యాంకీస్ వాళ్ళు సెకండ్, థర్డ్ బేస్‌ల మీదకి వచ్చేశారు, ఆ పరిస్థితిలో కూడా వాళ్ళ బ్యాటర్ సియెరాని నకుల్ బాల్‌తోనే స్ట్రైకౌట్ చేశాడు. తాత ఒక ట్రే గ్లాసులు కింద పడేశాడు. ఎవ్వరూ తిట్టలేదు. ఆ సిరీస్ గెలిచి, 86 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ కూడా కొట్టారు.

క్యాచర్ అంటే గుర్తొచ్చింది, డగ్ మిరబెల్లీ అని ఒకాయన ఉండేవాడు, పెద్ద గ్లోవ్ వేసుకుని వేక్‌ఫీల్డ్ బంతులు పట్టడమే ఆయన పని. 2005 చివర్లో ఆయన్ని శాన్ డియెగో టీమ్‌కి ఇచ్చేశారు. కొత్త కుర్రాడు జాష్ బార్డ్ ఐదు మ్యాచుల్లో పది బంతులు వదిలేశాడు. 2006 మే 1న యాంకీస్‌తో మ్యాచ్ ఉంటే మిరబెల్లీని మళ్ళీ తెచ్చుకుని, విమానం దిగగానే లోగన్ ఎయిర్‌పోర్ట్ నుంచి పోలీస్ ఎస్కార్ట్‌తో ఫెన్‌వేకి పరిగెత్తించారు, ఆయన కార్లోనే యూనిఫామ్ మార్చుకున్నాడు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తానికి పురోహితుడు రాకపోతే బండేసుకుని వెళ్ళి తెస్తారే, అచ్చం అలాగ. గెలిచారు కూడా, 7-3.

జీతం సంగతి ఇంకా తమాషా. 2005లో ఏడాదికి నలభై లక్షల డాలర్లకి ఒక కాంట్రాక్ట్, టీమ్‌కి ఇష్టమైతే ఏటా రెన్యూ చేసుకుంటూ పోవచ్చు. హెచ్1బీ వాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది. ఆయన మాత్రం గొణగలేదు. స్టార్ట్ చెయ్యమంటే చేశాడు, 1999లో క్లోజర్‌గా (చివర్లో వచ్చి మ్యాచ్ ముగించేవాడిగా) వెయ్యమంటే వేశాడు, 2009లో నలభై రెండేళ్ళకి మొదటిసారి ఆల్ స్టార్ టీమ్‌లోకి తీసుకుని ఆడించకుండా కూర్చోబెడితే కూర్చున్నాడు.

199 గెలుపుల దగ్గర ఆగి 2011లో రెండొందలోది ఎనిమిదో ప్రయత్నంలో వచ్చింది, సెప్టెంబర్ 13న టొరంటో మీద, 18-6. తర్వాత ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. 2023 అక్టోబర్ 1న బ్రెయిన్ క్యాన్సర్‌తో పోయాడు, యాభై ఏడేళ్ళు. వార్త చూసి తాతకి ఫోన్ చేద్దామనుకున్నా, నా దగ్గర నంబర్ ఎప్పుడూ లేదు.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తే ఈయన క్యాచ్ ఆడదాం అని పీకేవాడట, ఆట తొందరగా తెమిలిపోవాలని ఆ నాన్న నకుల్ బాల్ వేసేవాడట, అవి పట్టలేక పిల్లాడే విసుగొచ్చి లోపలికి పోతాడని. మా ఇంట్లో రివర్స్. నిన్న సాయంత్రం మీటింగులన్నీ అయ్యాక మావాడు బ్యాక్‌యార్డ్‌లోకి లాక్కెళ్ళి నలభై బంతులు వేశాడు, ముప్పైతొమ్మిది మామూలుగా తిరుగుతూ వచ్చాయి. ఒక్కటి మాత్రం తిరగలేదు. దాని ఎర్ర దారం కుట్లు విడివిడిగా కనిపించాయి, నేను గ్లోవ్ ఎడమవైపు పెట్టా, అది కుడి మోకాలికి తగిలింది. వాడు గెంతులే గెంతులు.

ఐస్ పెట్టుకుని ఇది రాస్తున్నా. ఇంట్లో నెయిల్ కట్టర్ కనపడట్లేదు, ఎక్కడుందో నాకు తెలుసు, చెప్పను.