బుమ్‌లా నుంచి తేజ్‌పూర్ దాకా: 1962 యుద్ధం దిగివచ్చిన దారి

తవాంగ్ వెళ్ళేవాళ్ళు కింద నుంచి పైకి ఎక్కుతారు. 1962లో చైనాతో మన యుద్ధం పై నుంచి కిందికి దిగింది. ఎక్కుతూ చూస్తే ముందు ఓటమి, చివర్లో కారణం కనిపిస్తాయి. అందుకని మేము వెళ్ళేటప్పుడు ఎక్కడా పెద్దగా ఆగలేదు. నేరుగా సరిహద్దులోని బుమ్‌లా కనుమ దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఒక్కో మజిలీ చూసుకుంటూ దిగాం. ఈ దారిలో వెళ్ళే మనవాళ్ళకు నా సలహా కూడా ఇదే.

ముందు ఏర్పాట్ల సంగతి. హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, అక్కడి నుంచి కారు. అరుణాచల్‌లోకి వెళ్ళాలంటే మనకూ ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లో తీసుకుని రెండు మూడు ప్రింట్లు దగ్గర పెట్టుకోండి. భాలుక్‌పోంగ్ చెక్‌పోస్టులో చూస్తారు, తవాంగ్‌లో బుమ్‌లా అనుమతికి మళ్ళీ కావాలి. మొదటి రాత్రి బొమ్‌డిలాలో కన్నా దిరాంగ్‌లో పడుకోవడం మేలు. బొమ్‌డిలా సుమారు 8,000 అడుగులు, దిరాంగ్ 5,000. మర్నాడు సేలా కనుమ 13,700 అడుగులు దాటాలి కాబట్టి ముందు రాత్రి తక్కువ ఎత్తులో బాగా నిద్రపోతే తలనొప్పి, వాంతులు తగ్గుతాయి. 2024 మార్చి నుంచి సేలా కింద సొరంగం ఉంది. 1,003 మీటర్లది ఒకటి, 1,595 మీటర్లది ఇంకొకటి. మంచు కురిసినా రోడ్డు మూతపడకుండా ఉండటానికి కట్టింది. సొరంగంలోంచి వెళ్తే కనుమ, దాని పక్కనున్న సరస్సు కనిపించవు. పోతూ సొరంగం, వస్తూ కనుమ పెట్టుకోండి.

తవాంగ్ నుంచి బుమ్‌లా 37 కిలోమీటర్లు. ముందు రోజే జిల్లా అధికారుల అనుమతి తీసుకుని దాని మీద సైన్యం ముద్ర వేయించుకోవాలి. స్థానిక టాక్సీవాళ్ళకు ఇది రోజువారీ పని, వాళ్ళకే అప్పగించడం సులువు. ఆధార్ అసలు కార్డు మర్చిపోవద్దు. విదేశీయులకు ప్రవేశం లేదు, కాబట్టి అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న మన పిల్లలు వెంట ఉంటే వాళ్ళు తవాంగ్‌లోనే ఆగిపోవాల్సి వస్తుంది. పొద్దున్నే బయల్దేరాలి, మధ్యాహ్నం దాటితే పైన మబ్బు కమ్ముతుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచుతో దారి ఎప్పుడు మూస్తారో చెప్పలేం. అక్టోబర్ మంచి కాలం. యుద్ధం మొదలైందీ అప్పుడే.

బుమ్‌లా 15,200 అడుగులు. రెండు దేశాల సైనికాధికారులు సమావేశమయ్యే చోటు ఇది. చెట్టు ఉండదు. రాళ్ళు, పొట్టి గడ్డి, ఆగని గాలి. పది అడుగులు వేస్తే రొప్పు వస్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఉత్తరానికి తిరిగి నిలబడితే తేడా అర్థమవుతుంది. అటువైపు టిబెట్ పీఠభూమి, నేల పెద్దగా ఏటవాలు లేకుండా సాగుతుంది, రోడ్డు వేయడం తేలిక. ఇటువైపు లోయ మీద లోయ. ఈ యుద్ధం మొదలవడానికీ, చైనా వైపు మొగ్గడానికీ, ఆగిపోవడానికీ రోడ్డే కారణమని నేను అనేది ఈ నేలను చూసే.

మొదలైంది ఇక్కడ కాదు, పశ్చిమాన లద్దాఖ్‌లో. షిన్‌జియాంగ్ నుంచి టిబెట్‌కు చైనా 1957 నాటికి వేసిన రోడ్డు అక్సాయ్‌చిన్ మీదుగా పోయింది. మరుసటి ఏడాది వేసవిలో మన గస్తీ జట్లు వెళ్ళి చూస్తే గానీ అది నిర్ధారణ కాలేదు. ఒక జట్టును చైనా సైనికులు పట్టుకున్నారు కూడా. 1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు, దలైలామా తవాంగ్ మీదుగా మన దేశానికి రావడం, ఆగస్టులో తూర్పు సరిహద్దున లాంగ్జూ కాల్పులు, అక్టోబర్ 21న లద్దాఖ్‌లో కోంగ్‌కాలా దగ్గర మన పోలీసుల మరణం. ఏటా అక్టోబర్ 21న మన ఊళ్ళలోనూ జరిపే పోలీసు అమరవీరుల దినం అదే. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌఎన్‌లై ఢిల్లీ వచ్చి నెహ్రూతో మాట్లాడినా తెగలేదు. 1961 నవంబర్ నుంచి మన ప్రభుత్వం వివాద ప్రాంతంలో వీలైనంత ముందుకు వెళ్ళి చిన్న చిన్న పోస్టులు పెట్టమంది. వెనక నుంచి తిండి, తూటాలు అందే దారి లేకుండా పెట్టిన పోస్టులవి. తప్పు అక్కడ జరిగింది.

తూర్పున గొడవ వేరు. 1914లో సిమ్లా సమావేశాల సందర్భంగా బ్రిటిష్, టిబెట్ ప్రతినిధులు ఒప్పుకున్న మెక్‌మోహన్ రేఖను చైనా ఎన్నడూ ఒప్పుకోలేదు. పైగా ఆ రేఖ గీసింది అంగుళానికి 8 మైళ్ళ పటం మీద, లావుపాటి గీతతో. నీళ్ళు అటూ ఇటూ విడిపోయే ఎత్తైన గట్టు వెంటే సరిహద్దు పోవాలన్నది సూత్రం. భూటాన్ మూలన ఆ గట్టు థాగ్‌లా. పటంలో గీత మాత్రం దానికి దక్షిణంగా పడింది. గట్టే హద్దని మనం, గీతే చూడండని వాళ్ళు. 1962 జూన్‌లో ఆ గట్టు కింద నామ్‌కాచూ వాగు ఒడ్డున మనవాళ్ళు ధోలా పోస్టు పెట్టారు. సెప్టెంబర్ 8న చైనా సైనికులు గట్టు దిగి దాన్ని చుట్టుముట్టారు.

నామ్‌కాచూకు మామూలు యాత్రికులను పంపరు. దానికి ముందున్న జెమిథాంగ్ ఊరి దాకా వెళ్తే ఆ కొండల వరస చూడొచ్చు. వాగు సన్నటి లోయలో పారుతుంది. మన 7వ బ్రిగేడ్‌ను (కొన్ని పటాలాలు కలిసిన సేన) వాగుకు దక్షిణపు ఒడ్డున, లోయ అడుగున కిలోమీటర్ల పొడవునా పరిచారు. ఎదురుగా గట్టు మీద చైనా సేన. పై నుంచి మన ప్రతి కందకమూ కనిపిస్తుంది. సెప్టెంబర్‌లో పొంగి పారే వాగు అక్టోబర్ మధ్యకు తగ్గి, నడిచి దాటేంత అయింది. అడ్డమనుకున్న నీళ్ళు అడ్డం కాకుండా పోయాయి. సరుకులు విమానాల నుంచి త్సాంగ్‌ధార్ మీద జారవిడిచేవారు. 14,000 అడుగులు దాటిన ఎత్తు, చిన్న మైదానం, చుట్టూ లోయలు. చాలా మూటలు లోయల్లో పడ్డాయి. పంజాబ్ మైదానాల వాతావరణానికి సరిపడే నూలు బట్టలు, కాన్వాసు బూట్లు, మనిషికి 50 తూటాలు. తవాంగ్ అవతల కంచర గాడిదల బాట, కాలిబాట తప్ప ఏమీ లేదు. గట్టు వెనక చైనా రోడ్డు దగ్గర దాకా వచ్చి ఉంది.

ఆ ఎత్తులో ఇంకో సంగతి ఉంది, మనకు తట్టనిది. సేలా ఎత్తులో నీళ్ళు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు, అన్నం పలుకుపలుకుగా ఉంటుంది. కనుమ దగ్గర టీ కొట్టులో చూడండి, నీళ్ళు బుడబుడ మరుగుతున్నా ఆకు రంగు దిగడానికి సమయం పడుతుంది. వారాల తరబడి సగం ఉడికిన తిండి తిని, చలికి నిద్ర లేక, కట్టెలు కొట్టి కందకాలు తవ్విన సైనికుల మీద అక్టోబర్ 20 తెల్లవారుజామున 5 గంటలకు ఫిరంగులు పేలాయి. కొన్ని గంటల్లో 7వ బ్రిగేడ్ చెల్లాచెదురైంది. ఒక్క 2 రాజ్‌పుత్ పటాలంలోనే 282 మంది చనిపోయారు. బ్రిగేడ్ అధిపతి బ్రిగేడియర్ జాన్ దల్వీ 22న బందీ అయ్యారు.

బుమ్‌లా వైపు దాడి అక్టోబర్ 23న. దిగే దారిలో సుబేదార్ జోగీందర్ సింగ్ స్మారకం ఉంది, అక్కడ తప్పకుండా ఆగండి. 1 సిక్కు పటాలంలో ఒక్క ప్లటూనుతో (చిన్న జట్టు) రెండు అలల దాడిని ఆపారు. తొడకు తూటా తగిలినా వెనక్కి వెళ్ళలేదు. తూటాలు అయిపోయాక మిగిలినవాళ్ళు బాయ్‌నెట్లతో కలబడ్డారు. జోగీందర్ సింగ్ గాయాలతో బందీ అయి, బందీగానే చనిపోయారు. పరమవీర చక్ర ఇచ్చారు. 1963 మే 17న చైనా ఆయన అస్థికలను సైనిక గౌరవాలతో ఆయన పటాలానికి అప్పగించింది. అక్టోబర్ 25 నాటికి తవాంగ్ వాళ్ళ చేతుల్లో ఉంది.

తవాంగ్ యుద్ధ స్మారకం చోర్టెన్ (బౌద్ధ స్తూపం) ఆకారంలో, 40 అడుగుల ఎత్తున ఉంది. నల్లరాతి పలకల మీద కామెంగ్ రంగంలో, అంటే ఈ తవాంగ్, బొమ్‌డిలా వైపు, చనిపోయిన 2,420 మంది పేర్లు పటాలాల వారీగా చెక్కారు. పలకలన్నీ ఒక్కొక్కటిగా చదవడానికి మొత్తం ఒక గంట కేటాయించండి. కొన్ని పటాలాల జాబితా రెండు మూడు వరుసలతో అయిపోతుంది, కొన్నింటిది పలకలకు పలకలే నింపుతుంది. నామ్‌కాచూలో ఎవరిని ఎక్కడ నిలబెట్టారో ఆ పొడవు చూస్తేనే తెలిసిపోతుంది.

తర్వాత మూడు వారాలు ఈ రంగంలో పెద్ద పోరు లేదు. చైనా ఖాళీగా కూర్చోలేదు, బుమ్‌లా నుంచి తవాంగ్‌కు రోడ్డు వేసుకుంది. మనవాళ్ళు సేలా మీద ఐదు పటాలాలతో 62వ బ్రిగేడ్‌ను నిలిపారు. సేలా చూసినవాళ్ళెవరైనా ఇది గెలవదగ్గ చోటని అంటారు. తవాంగ్ వైపు నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కాలి, ప్రతి మెలికా పై నుంచి కనిపిస్తుంది. కష్టమంతా వెనక ఉంది. సేలా, దిరాంగ్, బొమ్‌డిలా మూడూ ఒకే సన్నటి కొండ రోడ్డు మీద, సుమారు 100 కిలోమీటర్ల పొడవున పూసల్లా ఉన్నాయి. ఆ దారం ఎక్కడ తెగినా పైనున్న పూస పడిపోతుంది.

సేలా ముందు నూరానాంగ్‌లో 4 గఢ్వాల్ పటాలం నవంబర్ 17న వరసగా వచ్చిన దాడులను తిప్పికొట్టింది. అదే ఇప్పటి జస్వంత్‌గఢ్. తమ మీద గుళ్ళు కురిపిస్తున్న మెషిన్‌గన్‌ను ఆపడానికి జస్వంత్ సింగ్ రావత్, త్రిలోక్ సింగ్ నేగీ, గోపాల్ సింగ్ గుసాయీం పాకుతూ వెళ్ళి దాన్ని లాక్కొచ్చారు. తిరిగొస్తూ మొదటి ఇద్దరూ చనిపోయారు. జస్వంత్ సింగ్ ఒక్కరే మూడు రోజులు పోరాడారనే కథ అక్కడ అందరూ చెబుతారు. నా మటుకు, రికార్డులో ఉన్న ఆ కొన్ని నిమిషాల పని చాలు, దానికి చేర్పులు అక్కర్లేదు. బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. వంగి లోపలికి చూడండి. రాయి మీద రాయి పేర్చిన గోడ, పైన దుంగలు, లోపల నిలబడే ఎత్తు లేదు, నేల తడి. తుపాకీ పెట్టే సందు అరచేయి మందం. బయట సైనికులు దారిన పోయే అందరికీ ఉచితంగా టీ ఇస్తారు.

అంత గట్టిగా నిలబడినా సేలా ఆ రాత్రే ఖాళీ అయింది. కారణం బెయిలీ బాట. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అనే బ్రిటిష్ అధికారులు నడిచి సర్వే చేసిన పాత దారి అది. పోషింగ్‌లా మీదుగా థెంబాంగ్ దగ్గర, దిరాంగ్‌కూ బొమ్‌డిలాకూ మధ్య రోడ్డు మీదికి దిగుతుంది. పెద్ద సేన ఆ బాటలో రావడం సాధ్యం కాదని మన పై అధికారులు అనుకున్నారు. వచ్చింది. 17న థెంబాంగ్ పడిపోయి రోడ్డు తెగింది. పైనున్నవాళ్ళను అక్కడే ఉండి పోరాడమనాలా, వెనక్కి రమ్మనాలా అని కింద ఉన్న అధికారులు తేల్చుకోలేకపోయారు. చివరికి చీకట్లో వెనక్కి నడిచిన పటాలాలు దారిలో మాటు దాడులకు చిక్కాయి. పోరాడి చనిపోయినవాళ్ళకన్నా వెనక్కి వస్తూ చనిపోయినవాళ్ళను తలుచుకుంటే ఎక్కువ బాధ కలుగుతుంది. 62వ బ్రిగేడ్ అధిపతి బ్రిగేడియర్ హోషియార్ సింగ్ కూడా అలాగే పోయారు. దిరాంగ్‌లో ఈ బ్రిగేడ్లను నడిపే 4వ డివిజన్ కార్యాలయం 18 ఉదయం పోరు లేకుండానే కదిలిపోయింది. అదే రోజు బొమ్‌డిలా కందకాల్లోంచి రెండు కంపెనీలను, కొన్ని ట్యాంకులను దిరాంగ్ వైపు పంపమని పై అధికారుల ఆజ్ఞ. వాళ్ళు లేచి వెళ్ళిన ఖాళీలోకే చైనా సైనికులు చొరబడ్డారు. ఇన్ని జరిగినా మన వైమానిక దళాన్ని సరుకులు వేయడానికి తప్ప దాడికి వాడలేదు.

సరిగ్గా 18వ తేదీనే లద్దాఖ్‌లో రెజాంగ్‌లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు చివరి మనిషి దాకా పోరాడింది. అది వేరే యాత్రకు సంబంధించిన కథ.

దిగువన అస్సాం మైదానంలోని తేజ్‌పూర్‌లో అధికారులు ఊరు వదిలారు. బ్యాంకులో నోట్లు తగలబెట్టారు. చైనా సేన అక్కడిదాకా రాలేదు. నవంబర్ 21న చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించి, డిసెంబర్ 1 నుంచి 1959 నవంబర్ 7 నాటి వాస్తవాధీన రేఖకు 20 కిలోమీటర్లు వెనక్కి వెళ్తానంది. పశ్చిమాన కావలసిన అక్సాయ్‌చిన్ చేతిలో ఉంది. తూర్పున మంచు కురిస్తే బుమ్‌లా లాంటి కనుమలు మూతపడతాయి, మైదానంలోకి దిగిన సేనకు తిండి రాదు. అమెరికా, బ్రిటన్ ఆయుధాలు మనకు చేరడం మొదలైంది. తవాంగ్ మళ్ళీ మనకు వచ్చింది. రక్షణ శాఖ లెక్కలో మనవాళ్ళు 1,383 మంది మృతులు, 1,696 మంది జాడ తెలియనివాళ్ళు, 3,968 మంది బందీలు. తవాంగ్ పలకల మీది 2,420 ఈ మృతుల లెక్కను మించిందంటే, జాడ తెలియనివాళ్ళలోనూ చాలామంది పేర్లు అక్కడ చేరాయనుకోవాలి. బందీలను 1963 మే నాటికి విడిచిపెట్టారు. శాంతి ఒప్పందం మాత్రం జరగలేదు. సరిహద్దు ఏదో ఇద్దరూ కలిసి పటం మీద గీసుకోలేదు.

2022 డిసెంబర్ 9న తవాంగ్ రంగంలోనే యాంగ్‌త్సే దగ్గర రెండు సేనలూ మళ్ళీ తలపడ్డాయి. అంతకు రెండేళ్ళ ముందు, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది చనిపోయారు. వాళ్ళకు నాయకత్వం వహించిన 16 బిహార్ పటాలం అధికారి కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. 1962 జులైలో, యుద్ధానికి మూడు నెలల ముందు, చైనా సేన చుట్టుముట్టిన మన గూర్ఖా సైనికుల పోస్టు ఉన్నది కూడా ఆ గల్వాన్ లోయలోనే.