గనుల సొమ్ము గ్రామపంచాయతీ దాకా చేరే దారి

ఒక టన్ను బొగ్గు అమ్మకపు ధర మూడు వేల రూపాయలు అనుకుందాం. బొగ్గు మీద రాయల్టీ, అంటే ఖనిజం తీసినందుకు రాష్ట్రానికి కట్టే మొత్తం, ధరలో 14 శాతం కాబట్టి ఆ టన్నుకు 420 రూపాయలు రాష్ట్ర ఖజానాకు చేరుతాయి. ఆ గని లీజు 2015 జనవరి 12కు ముందు వేలంపాట లేకుండా ఇచ్చినదైతే, కంపెనీ ఆ రాయల్టీలో 30 శాతం, అంటే 126 రూపాయలు, రాయల్టీకి అదనంగా జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టుకు (డీఎంఎఫ్‌టీ) కట్టాలి. ఆ తేదీ తర్వాత వేలంలో దక్కిన లీజుకు ఈ వాటా 10 శాతమే, అంటే 42 రూపాయలు. మా ప్రాంతంలోని సింగరేణి పాత గనులు చాలావరకు మొదటి కోవలోకే వస్తాయి.

ఈ 126 రూపాయల గురించే నేను ఈ రోజు రాయదలచుకున్నాను. రాయల్టీ రాష్ట్ర బడ్జెట్‌లో కలిసిపోయి, ఆ తర్వాత ఏ ఊరికి ఎంత తిరిగి వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ట్రస్టు సొమ్ము అలాంటిది కాదు. గని వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఖర్చు పెట్టాలని చట్టమే చెప్పిన సొమ్ము అది. 1957 నాటి గనుల చట్టాన్ని 2015లో సవరించి 9బి సెక్షన్ చేర్చినప్పుడు, గనులున్న ప్రతి జిల్లాలోనూ లాభాపేక్ష లేని ట్రస్టు ఏర్పాటు చేయాలని అందులో రాశారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రధానమంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాలు వచ్చాయి. 2021 జులైలో కేంద్ర గనుల శాఖ ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది: ఈ సొమ్మును రాష్ట్ర ఖజానాకు గానీ, ముఖ్యమంత్రి సహాయనిధికి గానీ, ఇతర నిధులకు గానీ మళ్లించకూడదు, రాష్ట్ర స్థాయిలో కూర్చుని ఖర్చుకు మంజూరు ఇవ్వకూడదు. ఇంత స్పష్టమైన రక్షణ ఉన్న నిధులు స్థానిక పాలనలో అరుదు. స్థానిక సంస్థల లెక్కల తనిఖీలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా ఈ మాట నమ్మకంగా చెప్పగలను.

అయినా ఆ సొమ్ము ఊరిదని ఊరికి అనిపించదు. అందుకు కారణం నిర్మాణంలోనే ఉంది. ట్రస్టు పాలకమండలికి కలెక్టర్ అధ్యక్షులు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు సభ్యులు. ప్రతిపాదనలు ఎక్కువగా పైనుంచే తయారై వస్తాయి. భూపాలపల్లి చుట్టుపక్కల కాకతీయ గనుల పొగ, దుమ్ము, బ్లాస్టింగ్ అదురు అనుభవించే గ్రామపంచాయతీకి ఈ ఏడాది తన పరిధిలోని గని నుంచి ట్రస్టుకు ఎంత జమ అయిందో తెలియదు. తన ఊరి పేరు మీద ఎంత మంజూరైందో కూడా, పని మొదలై శిలాఫలకం పెట్టిన తర్వాతే తెలుస్తుంది. ఊరి గ్రామసభ తీర్మానం మొదట ఉండి, దాని మీద ప్రతిపాదన నడవాల్సింది పోయి, ముందే ఖరారైన పనికి తర్వాత తీర్మానం రాయించుకునే పద్ధతి నా ఉద్యోగ కాలంలో అనేకసార్లు చూశాను. తీర్మానాల పుస్తకంలో తేదీ, పరిపాలనా అనుమతి కాగితం మీద తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఆ సంగతి బయటపడుతుంది.

2024 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలను సవరించింది. తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణ పరిరక్షణ, స్త్రీ శిశు సంక్షేమం, పారిశుద్ధ్యం, నైపుణ్య శిక్షణ వంటి అత్యవసర రంగాలకు కనీసం 70 శాతం ఖర్చు పెట్టాలన్నది అందులో ఒకటి. అంతకుముందు ఇది 60 శాతం ఉండేది. రోడ్లు, వంతెనలు, సాగునీరు, విద్యుత్తు వంటి వాటికి మిగిలిన 30 శాతం లోపే సరిపెట్టాలి. గని నుంచి 15 కిలోమీటర్ల వ్యాసార్ధంలోని ప్రాంతాన్ని నేరుగా ప్రభావితమైనదిగా, 25 కిలోమీటర్ల దాకా ఉన్నదాన్ని పరోక్షంగా ప్రభావితమైనదిగా లెక్కించాలి. కాగితం మీద ఇది మంచి మార్పే. అయితే సీసీ రోడ్డు వైపు సొమ్ము ఎందుకు మొగ్గుతుందో అర్థం చేసుకోకుండా శాతాలు మారిస్తే, అదే రోడ్డు "పాఠశాలకు వెళ్లే దారి" అన్న పేరుతో విద్య పద్దులోకి వస్తుంది.

రోడ్డు ఎందుకు గెలుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మొత్తం నిందను కాంట్రాక్టర్ల మీదకు నెట్టేయడం తేలిక. రోడ్డుకు ఎస్టిమేట్ వేయడం మండల ఇంజినీరుకు వచ్చిన పని. ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలు రాయవచ్చు, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా బిల్లు పెట్టవచ్చు, ఫోటో తీసి పంపవచ్చు. అదే గని చుట్టూ ఉన్న ఊళ్లలో బావుల నీటిమట్టం నెలనెలా కొలవాలంటే, దుమ్ము వల్ల దగ్గు, ఆయాసంతో బాధపడుతున్నవారిని క్రమంగా పరీక్షించాలంటే, ఎవరు చేయాలి, ఏ పద్దు కింద రాయాలి, జీతం ఎవరివ్వాలి అన్న ప్రశ్నలకు మండల కార్యాలయంలో సమాధానం దొరకదు. తాగునీటి శుద్ధి ప్లాంటు పెట్టడానికి డబ్బు వస్తుంది. రెండేళ్ల తర్వాత దాని ఫిల్టర్లు మార్చడానికి, కరెంటు బిల్లు కట్టడానికి డబ్బు రాదు. ఆరోగ్య ఉపకేంద్రానికి భవనం వస్తుంది; అందులో కూర్చునే ఏఎన్ఎం పోస్టు ఆ భవనంతో పాటు రాదు. కట్టడానికి ఒక చేయి, నడపడానికి ఇంకో చేయి ఉన్నంత కాలం ఈ సమస్య తీరదు. ఏ పని మంజూరు చేసినా కనీసం ఐదేళ్ల నిర్వహణ ఖర్చును అదే మంజూరులో కలపాలన్న ఒక్క నియమాన్ని పాలకమండలి పెట్టుకుంటే, నా దృష్టిలో, సగం సమస్య తీరుతుంది.

ఇక ఈ సొమ్ము స్వభావం గురించి. మన పల్లెల్లో భూమి అమ్మిన పైసలకూ పంట పైసలకూ ఉన్న తేడా ఎవరికీ చెప్పనక్కరలేదు. పంట పైసలతో ఇల్లు గడుస్తుంది, మళ్లీ ఏడాది మళ్లీ వస్తాయి. భూమి అమ్మిన పైసలు పెళ్లికో ఆస్పత్రికో ఖర్చయితే ఇంక రావు. బొగ్గు సొమ్ము రెండో రకానిది. అయినా జిల్లా పద్దుల్లో దాన్ని మొదటి రకంగా రాస్తున్నాం. ఒక ఏడాది ఎక్కువ వస్తే ఆ ఏడాదే ఎక్కువ పనులు మంజూరు చేస్తాం; మరుసటి ఏడాది ఉత్పత్తి తగ్గితే, లేక ధర తగ్గితే, మొదలుపెట్టిన పనులు సగంలో ఆగుతాయి. గనులు కూడా ఒక చోట ఉండవు. భూగర్భ గని మూతపడి పక్క మండలంలో ఓపెన్‌కాస్ట్ తెరుచుకుంటే, సొమ్ము దానితో పాటు నడిచి వెళ్తుంది. మూతపడిన చోట మిగిలే గుంతలు, మట్టికుప్పలు, పని పోయిన కుటుంబాలు మాత్రం అక్కడే ఉంటాయి. బెల్లంపల్లిని తెలిసినవారికి ఇది వేరే ఉదాహరణ అక్కరలేని విషయం. బొగ్గుబాయిల చుట్టూ పెరిగిన పట్టణం, ఆ బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఎలా చిన్నబోయిందో మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు వాళ్లు కళ్లారా చూశారు. అప్పట్లో డీఎంఎఫ్‌టీ అన్నది లేదు. ఇప్పుడు ఉంది కాబట్టి భూపాలపల్లికి ఆ గతి రాకుండా చూసే అవకాశం ఉంది.

2024 మార్గదర్శకాలు ఇందుకు ఒక దారి చూపాయి. ఏడాదికి పది కోట్లు, ఆపైన వసూలయ్యే జిల్లాల్లో వార్షిక రాబడిలో 10 శాతం వరకు శాశ్వత నిధిగా దాచి, గనులు మూతపడిన తర్వాత అక్కడి ప్రజల జీవనోపాధికి వాడవచ్చు. నార్వే 1990లో తన చమురు రాబడి కోసం చట్టం చేసి నిధి పెట్టుకుంది. అసలును ముట్టకుండా దాని మీద ఏటా రాగలదని అంచనా వేసిన రాబడిని మాత్రమే వాడుకోవాలన్నది వాళ్ల నియమం. ఒక దేశం చేసినదాన్ని ఒక జిల్లా అచ్చంగా చేయలేదు; కానీ "అసలును ముట్టవద్దు" అన్న నియమానికి దేశమంత పెద్ద యంత్రాంగం అవసరం లేదు. పాలకమండలి ఒక తీర్మానం చేసి, ఖాతా వేరుగా తెరిచి, ఆ ఖాతా నిల్వను ఏటా ప్రకటిస్తే సరిపోతుంది.

దీనికి ఎదురుగా పెరూ అనుభవం ఉంది. అక్కడ గనుల కంపెనీలు కట్టే ఆదాయపు పన్నులో సగం ఖనిజం తీసిన ప్రాంతాలకే తిరిగి ఇవ్వాలని చట్టం ఉంది. లోహాల ధరలు పెరిగిన 2000ల దశకంలో కొండల్లోని చిన్న మున్సిపాలిటీలకు ఒక్కసారిగా పెద్ద మొత్తాలు వచ్చిపడ్డాయి. ప్రాజెక్టు రాయగల ఇంజినీర్లు, లెక్క చూడగల ఉద్యోగులు లేక చాలా చోట్ల ఆ సొమ్ము బ్యాంకులోనే పేరుకుపోయింది. గనులు లేని ప్రాంతాల్లోని పేద మున్సిపాలిటీలకు మాత్రం చాలా తక్కువే వచ్చింది. సొమ్ము ఇవ్వడానికీ, దాన్ని వాడుకునే శక్తి ఇవ్వడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో అక్కడ తేలింది. మా వైపు సొమ్ము పైనే ఉండి ఊరికి రాకపోవడం ఒక సమస్య అయితే, రేపు నేరుగా ఊరికి ఇచ్చినా వాడుకునే శక్తి లేకపోవడం రెండో సమస్య అవుతుంది. మొదటిదాని గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు.

పంచాయతీ కార్యదర్శి పరిస్థితి చూడండి. జనన మరణాల నమోదు, ఇంటి పన్ను, పారిశుద్ధ్యం, ఉపాధి హామీ, నర్సరీలు, పైనుంచి వచ్చే రోజువారీ నివేదికలు అన్నీ ఆ ఒక్కరి మీదే ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసిన తర్వాత చాలాకాలం పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలోనే నడిచాయి. ఆ కాలంలో ఊరి తరఫున అడిగే ఎన్నికైన మనిషి కూడా లేడు. ఇటువంటి కార్యాలయాన్ని ఐదేళ్ల ప్రణాళిక రాసి పంపమంటే, పక్క మండలం ప్రణాళికలో ఊరి పేరు మార్చి పంపడం తప్ప వేరే దారి ఉండదు. వారిని నిందించడం అన్యాయం.

అందుకే జిల్లా స్థాయిలో ఒక చిన్న బృందం కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను: లెక్కలు తెలిసిన ఒకరు, నీటి వనరులు తెలిసిన ఒకరు, ప్రజారోగ్యం తెలిసిన ఒకరు, తెలుగులో రాసి చెప్పగల ఒకరు. ట్రస్టు నిధుల్లో 5 శాతం వరకు పరిపాలనా ఖర్చులకు వాడుకునే వీలుంది, కనుక దీనికి కొత్త పద్దు అడగనక్కరలేదు. ఈ బృందం చేయాల్సిన మొదటి పని, గని వారీగా రాబోయే ఐదారేళ్లలో ఎంత సొమ్ము రావచ్చో అంచనా కట్టడం. ప్రతి గనికీ ఆమోదం పొందిన మైనింగ్ ప్లాన్ ఉంటుంది. ఏ ఏడాది ఎంత బొగ్గు తీస్తారో, ఎప్పుడు మూసేస్తారో అందులో ఉంటుంది. ఆ ప్లాన్‌లోని రెండు పేజీలు తెలుగులో ఆ ఊరి పంచాయతీ చేతికి వస్తే, తన ఊరి గని ఇంకా ఎన్నేళ్లు ఉంటుందో తెలిసిన వార్డు సభ్యురాలు గ్రామసభలో అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. తాడిచర్లలో బొగ్గు తీసేదీ, చేల్పూరు దగ్గర దాన్ని మండించి కరెంటు తయారుచేసేదీ ఒకే జిల్లాలో ఉన్నప్పుడు, ఆ ప్రశ్న మరింత బరువైనది.

ములుగు వైపు సంగతి కొంత వేరు. అక్కడ బొగ్గు కన్నా గోదావరి ఇసుక ముఖ్యం. ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం, వాజేడు మండలాల్లో చాలా భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఇసుక వంటి చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ గానీ పంచాయతీ గానీ సిఫార్సు చేయడం తప్పనిసరి. ఇసుక తీసే పని గిరిజన సహకార సంఘాల పేరు మీద ఉంటుంది, యంత్రాలూ పెట్టుబడీ మాత్రం వేరొకరివి. సంఘం సభ్యులకు తమ ఖాతా పుస్తకం చదివి వినిపించేవారు ఉండాలి. క్యూబిక్ మీటరుకు సంఘానికి ఎంత రావాలో, ఎంత వచ్చిందో రెండు అంకెలూ రేవు దగ్గర బోర్డు మీద ఉండాలి. ఇంతకు మించి నేను ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే ఇసుక గురించి విడిగా రాయవలసినంత ఉంది.

సుప్రీంకోర్టు తీర్పు గురించి ఒక మాట. 2024 జులై 25న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో, రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందనీ తేల్చింది. ఆగస్టు 14న, ఆ పన్నును 2005 ఏప్రిల్ 1 నుంచి జరిగిన లావాదేవీల మీద వసూలు చేసుకోవచ్చనీ, ఆ బకాయిలను 2026 ఏప్రిల్ 1 నుంచి పన్నెండేళ్లలో వాయిదాలుగా కట్టించుకోవాలనీ చెప్పింది. దీన్ని రాష్ట్రాల విజయంగా చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ తీర్పులో పంచాయతీకి దక్కినదేమీ కనపడలేదు. తెలంగాణ ఇటువంటి పన్ను ఎప్పుడైనా వేస్తే, అందులో గని ఉన్న పంచాయతీ, మండలం, జిల్లా పరిషత్తు వాటా ఎంతో ఆ చట్టంలోనే రాయాలి. తర్వాత జీవోలో చూసుకుందామంటే ఆ జీవో ఎన్నేళ్లకు వస్తుందో సీనరేజి (చిన్న ఖనిజాల మీద వసూలు చేసే రుసుము) వాటాల కోసం ఎదురుచూసిన పంచాయతీలకు బాగా తెలుసు.

సర్పంచులకూ వార్డు సభ్యులకూ ఇచ్చే శిక్షణలో, గనులున్న మండలాల వారికి ఒక పూట ఈ విషయం కోసం కేటాయించాలని జిల్లా పంచాయతీ అధికారులను కోరుతున్నాను. ఆ పూటకు మూడు కాగితాలు చాలు: గత మూడేళ్లలో తమ జిల్లా ట్రస్టుకు గని వారీగా జమ అయిన మొత్తాల పట్టిక, తమ మండలంలో మంజూరైన పనుల జాబితా వాటి ప్రస్తుత స్థితితో సహా, గని మూసివేత ప్రణాళిక సారాంశం. ఈ మూడూ సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరూ అడగకముందే ప్రకటించవలసినవే. ఇవ్వకపోతే దరఖాస్తు పెట్టవచ్చు. దరఖాస్తు ఎలా రాయాలో, వచ్చిన పట్టికలో ఏ అంకెను ఏ అంకెతో పోల్చి చూడాలో నేర్చుకోదలచిన పంచాయతీ కార్యదర్శులు, వార్డు సభ్యులు ఎవరైనా ఉంటే, హనుమకొండలో ఆదివారాలు నేను వారితో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాను.